ఆ తువ్వాలు ఎవరిదో, వారికి

నిన్నటి నుంచి సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఇవాళ రాయకపోతే ఇక రాయను.

మా ఆయన మొదటి ఫుల్ మారథాన్, అంటే 42 కిలోమీటర్ల పరుగు, పూర్తి చేశారు. 5 గంటల 47 నిమిషాలు. దీని వెనక 18 వారాల ప్రాక్టీసు ఉంది. ఆ ఆదివారాలన్నీ పిల్లల్ని అమ్మ, అత్తయ్య చూసుకున్నారు. వాళ్ళకి ప్రత్యేకంగా థాంక్స్ చెబితే కసురుతారు.

ప్రతి ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకి అలారం. ఆయన పరుగు, వెనక సైకిల్ మీద నేను, బుట్టలో నీళ్ళ సీసాలు, శక్తి కోసం మధ్యలో తినే జెల్ ప్యాకెట్లు, తొడలు ఒరుసుకోకుండా వాసెలీన్. గంటకి 8 కిలోమీటర్ల వేగంతో 32 కిలోమీటర్లు సైకిల్ తొక్కి చూడండి, ఎంత నెమ్మదో తెలుస్తుంది. పడిపోకుండా నిలబెట్టుకోవడమే ఒక పని. పైగా ఆయన దారి పొడవునా కథలు చెప్తారు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పియెత్రి అనే ఇటలీ ఆయన చివర్లో పడిపోతూ లేస్తూ ఉంటే అధికారులు చెయ్యి పట్టుకుని గీత దాటించారట, అందుకని బంగారు పతకం పోయిందట. ఈ కథ ఓ ఇరవైసార్లు విన్నాను.

నిన్న ఫినిష్ దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాను. ఎవరు ఎంత దూరం వచ్చారో చూపించే యాప్‌లో ఆయన 30 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయారు. ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్, అంటే పరుగుకి శక్తినిచ్చే పిండిపదార్థం, చాలామందికి దాదాపు అక్కడే అయిపోతుందని, కాళ్ళు మొరాయిస్తాయని ఆయనే చెప్పి ఉన్నారు. గంటన్నర ఆ ఒక్క అంకెనే చూస్తూ ఉన్నాను. తర్వాత తెలిసింది, ఆయన ఆగలేదు, యాప్ ఆగింది. చివరికి కనిపించారు, తూలుతూ. చెయ్యి చాచబోయి పియెత్రి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. ముట్టుకుంటే ఇంత కష్టమూ పోతుందేమోనని భయం!

గీత దాటి, మెడల్ వేయించుకుని, గేటు బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. "అయిపోయింది" అన్నారు. అంతే, కూలబడిపోయారు.

నా పక్కనే ఇంతసేపూ ఎవరి కోసమో చూస్తున్న ఒక పెద్దావిడ నాకంటే ముందు కిందికి వంగారు. ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, చెమటతో తడిసిన ఆ బూట్ల కాళ్ళు రెండూ ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నారు. నేను సీసా మూత తీస్తుంటే ఆపారు. "ఆగమ్మా, దారిలో ఎంత తాగాడో ముందు అడుగు. ఉంగరం బిగుసుకుందా చూడు." మరీ ఎక్కువ నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోతుందట, అప్పుడు ఇంకా నీళ్ళు పోస్తే ప్రమాదమట. ఆవిడ ఆయన్ని పేరు అడిగారు, ఇవాళ ఏ వారమో అడిగారు. ఆయన చెప్పారు. ఉంగరం వదులుగానే ఉంది. "పరుగు ఠక్కున ఆపితే రక్తం కాళ్ళలో ఉండిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. మా అబ్బాయికీ ఇలాగే అయింది. కాసేపట్లో లేస్తాడు." తువ్వాలు తడిపి ఆయన మెడ చుట్టూ వేశారు. నిజంగానే పది నిమిషాల్లో ఆయన లేచి కూర్చున్నారు.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, "నువ్వేమైనా తిన్నావా, అమ్మా?" అన్నారు.

నాలుగు నెలలుగా అందరూ ఆయన మోకాలి గురించే అడిగారు, ఆయన తిండి గురించే అడిగారు. నేనూ అదే అడిగాను. ఆ ఒక్క మాటకి రోడ్డు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ ఏమీ అనలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు. వాళ్ళబ్బాయి వచ్చినట్టున్నాడు, నేను కళ్ళు తుడుచుకునేసరికి వెళ్ళిపోయారు.

నిర్వాహకులకి ఒక్క మాట. 3 గంటల్లో పరిగెత్తేవాళ్ళూ, 6 గంటల్లో పరిగెత్తేవాళ్ళూ కట్టింది ఒకటే ఫీజు. మరి చివరి రెండు నీళ్ళ బల్లల దగ్గర కప్పులు కూడా లేకుండా సర్దేయడం ఏమిటి? గడువు ఇంకా ఉంది కదా! వైద్య శిబిరం నుంచి మనిషి వచ్చేసరికి మా ఆయన అరటిపండు తింటున్నారు. యాప్ గురించి అడుగుదామంటే కుటుంబాలకి ఒక్క కౌంటరు లేదు.

అయ్యో, మోకాలు సరిచేసిన ఫిజియోథెరపిస్టుని మర్చిపోయాను, ఆయన లేకపోతే 11వ వారంలోనే ఆగిపోయేవాళ్ళం. పవర్ బ్యాంక్ ఇచ్చిన కాలేజీ కుర్రాడికి కూడా థాంక్స్. బ్యాగు వెతికి తెచ్చిన వాలంటీరుకి కూడా. ఇంకా ఎవరో ఉన్నారు... ఆ, సైకిల్ అరువిచ్చిన మా పక్కింటివాళ్ళు! రేపు తెచ్చి ఇచ్చేస్తాను, బెల్లు ఊడింది, చెప్తాను.

అమ్మా, మీ పేరు కూడా అడగలేదు. నీలం అంచు తెల్ల తువ్వాలు నా దగ్గరే ఉండిపోయింది. ఉతికి ఆరేశాను.