లియువా యాత్ర తేదీల గురించి మా ప్రయాణికులకు వివరణ

మాతో ప్రయాణించిన, ప్రయాణించదలచిన మిత్రులందరికీ నమస్కారం. దక్షిణ ఆఫ్రికా ఖండభాగంలోని జాంబియా దేశంలో, పడమటి వైపున్న లియువా మైదానానికి నవంబరు చివరి వారంలో మేము నిర్వహించే యాత్రను దసరా సెలవులకో, సంక్రాంతికో, పిల్లల వేసవి సెలవులకో మార్చమని మీలో చాలామంది అడుగుతున్నారు. బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబాలకు నవంబరు ఎంత ఇబ్బందికరమో మాకు తెలుసు. అయినా తేదీలు మార్చకూడదనే నిర్ణయించాము. మార్చితే సీట్లు త్వరగా నిండుతాయన్నది నిజమే గాని, అప్పుడు మీరు చూసేది మేము మీకు చెప్పిన లియువా కాదు.

జాంబెజీ వరద మైదానానికి పడమట, లువాంగింగా, లువంబింబా నదుల నడుమ, కలహారి ఇసుక మీద పరుచుకున్న గడ్డి నేల ఇది. నవంబరులో తొలి వానలు పడి మడుగులు నిండడం మొదలు కాగానే, పొడి నెలలంతా ఉత్తరాన చెదిరి ఉన్న వైల్డ్‌బీస్ట్ (గేదెలా కనబడే పెద్ద జింక జాతి జంతువు) మందలు లేత గడ్డి కోసం వేల సంఖ్యలో దక్షిణానికి దిగుతాయి. వైల్డ్‌బీస్ట్ వలసల్లో తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి తరువాత దీన్నే పెద్దదిగా చెబుతారు. వాటితో పాటు జీబ్రాలు, వాటి వెనుక గుంపులుగా వేటాడే దుమ్ములగొండ్లు, మడుగుల చుట్టూ కిరీట కొంగలు కనబడతాయి. దసరా నాటికి అక్కడ ఎండలు ముదిరి ఉంటాయి, మందలు ఇంకా దిగి ఉండవు. సంక్రాంతి నాటికి వానలు బలపడి, నేల బండి బరువు మోయలేని స్థితికి వస్తుంది. మన వేసవి సెలవులు మొదలయ్యే రోజుల్లో జాంబెజీ వరద మైదానమంతా పరుచుకుని ఉంటుంది. ఆ వరద పెరిగినప్పుడే, లితుంగా అని పిలిచే అక్కడి లోజీ ప్రజల రాజు, లెయలుయీలోని తన నివాసాన్ని వదిలి, నలిక్వాండా అనే పెద్ద పడవలో మెరక మీది లిములుంగాకు తరలివెళ్తారు. కువొంబోకా అనే ఆ ఉత్సవం చూడదగినదే గాని, అది వేరే యాత్ర.

నవంబరు చివరి వారమైనా పూచీకత్తు కాదని ముందే చెప్పడం మా బాధ్యత. వానలు ఆలస్యమైతే మందలూ ఆలస్యమవుతాయి. 2023-24లో వానలు విఫలమై, 2024 ఫిబ్రవరిలో జాంబియా ప్రభుత్వం కరువును జాతీయ విపత్తుగా ప్రకటించవలసి వచ్చింది. మంద కనబడలేదన్న కారణంతో డబ్బు తిరిగి ఇవ్వడం మా వంటి చిన్న సంస్థకు సాధ్యం కాదు. దయచేసి ఇది ఆలోచించుకున్నాకే పేరు నమోదు చేసుకోండి.

సింహాల గురించి కూడా అడుగుతున్నారు. విచ్చలవిడి వేట వల్ల 1990ల చివరికి ఇక్కడ ఒక్క ఆడ సింహమే మిగిలింది. లేడీ లియువా అని పేరుపడిన ఆ సింహం ఏళ్ల తరబడి తోడు లేకుండా, మనుషుల మకాముల దగ్గరికి వచ్చి పడుకునేది. తరువాత జాంబియాలోనే ఉన్న కఫూయె జాతీయ వనం నుంచి సింహాలను తెచ్చి వదిలారు. అలా వచ్చిన ఒక ఆడ సింహం దానికి తోడైంది, ఆ తోడు సింహానికి పిల్లలు కలిగి కొత్త గుంపు ఏర్పడింది. లేడీ లియువా 2017లో వృద్ధాప్యంతో మరణించింది. ఇప్పుడు సింహాలున్నా సంఖ్య తక్కువ. సింహం కోసమే వచ్చేవారికి లియువా సరైన చోటు కాదు, వారికి కఫూయెయే నయమని మా అభిప్రాయం.

ఈసారి ధర పెరిగింది. మైదానంలో మెత్తటి ఇసుకలోనో బురదలోనో బండి దిగబడితే లాగడానికి రెండో బండి తప్పనిసరి. అందుకే ఆరుగురికి రెండు బండ్లు తీసుకుంటున్నాము. చెల్లింపులన్నీ డాలర్లలో కావడం, రూపాయి తగ్గడం కూడా కారణాలే. రాజధాని లుసాకా నుంచి పశ్చిమాన ఉన్న మోంగు పట్టణం వరకు సుమారు 600 కిలోమీటర్లు. అక్కడి నుంచి లియువాకు దగ్గరి పట్టణమైన కలాబోకు వరద మైదానం మీదుగా 2016లో పూర్తయిన రోడ్డు ఉంది గనుక పూర్వంలా పడవల కోసం ఎదురుచూడనక్కర లేదు. కలాబో దగ్గర లువాంగింగాను మన గోదావరి మీది పంటు వంటి దాని మీద బండ్లతో సహా దాటాలి.

బస స్థానిక గ్రామాలవారి మకాముల్లోనే, గుడారాల్లో ఉంటుంది. లోజీ రాజు లెవానికా 1880లలో ఈ నేలను కాపాడే బాధ్యతను అక్కడి ప్రజలకే అప్పగించారు. 1972లో జాతీయ వనమైనా, 2003 నుంచి వన్యప్రాణి వనాలను నడిపే ఆఫ్రికన్ పార్క్స్ సంస్థ నిర్వహణలో భాగం పంచుకుంటున్నా, వనం లోపల నేటికీ 10,000 మందికి పైగా చేపలు పడుతూ, సాగు చేసుకుంటూ జీవిస్తున్నారు. మన డబ్బులో కొంత వారికి చేరాలన్నది మా పట్టుదల. వారి ఊళ్లలో అడగకుండా ఫొటోలు తీయవద్దు. శాకాహారులకు అన్నం, పప్పు, కూరలు వండిస్తాము గాని, పెరుగు రోజూ దొరకదు. మలేరియా మందుల విషయం వైద్యులతో తప్పక మాట్లాడి రావాలి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టి, నవంబరులో రాలేమనుకునేవారు జూలై నెలాఖరులోగా తెలియజేస్తే మొత్తం తిరిగి ఇస్తాము. ఆ తరువాత బండ్లకూ మకాములకూ మేము చెల్లించేస్తాము గనుక, ఆ మేరకు మినహాయించి మిగిలినది పంపుతాము.