ముందు బాక్సులు, తర్వాతే గడువు

సంపాదకులకు నమస్కారం.

టీవీ ప్రసారాలు అనలాగ్ నుంచి డిజిటల్‌కు మారడంపై మీరు వేసిన వ్యాసంలో బొమ్మ నాణ్యత గురించి బాగా రాశారు. ఖర్చు సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. ట్రాన్స్‌మిటర్ కేంద్రంలో పనిచేసి రిటైరైన ఇంజనీరుగా నేను చెప్పదలచుకున్నది ఆ ఖర్చు గురించే.

మార్పిడి పూర్తయ్యేదాకా ఒకే కార్యక్రమాన్ని రెండు ట్రాన్స్‌మిటర్ల మీద పంపాలి. కరెంటు, కూలింగ్, విడిభాగాలు రెండింటికీ కావాలి. ప్రకటనల ఆదాయం మాత్రం పెరగదు. పెద్ద సంస్థలు తట్టుకుంటాయి, చిన్న స్టేషన్లు అప్పులపాలవుతాయి. ఇక చూసేవాళ్ల సంగతి. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గితే తెరమీద చుక్కలు పడేవి, అయినా వార్తలు వినబడేవి. డిజిటల్‌లో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, మాట తెగిపోయి, చివరికి ఏమీ రాదు. అప్పుడు పాత టీవీలో డిజిటల్ ప్రసారం చూపించే సెట్‌టాప్ బాక్సు కొనడంతోపాటు యాంటెన్నా కూడా మార్చాలి. ఈ రెండో ఖర్చును ఎవరూ లెక్కలో వేయరు.

ఇంతా చేస్తే లాభం ఎవరికి? అనలాగ్ ఆగాక ఖాళీ అయిన స్పెక్ట్రం, అంటే ప్రసారాలకు వాడే రేడియో తరంగాల పరిధి, వేలంలో మొబైల్ కంపెనీలకు పోతుంది, వేలం డబ్బు ఖజానాకు చేరుతుంది. అమెరికాలో 2008లో జరిగిన 700 మెగాహెర్ట్జ్ వేలంలో సుమారు 1,900 కోట్ల డాలర్లు వచ్చాయి. అదే దేశంలో బాక్సుల కోసం ఇంటికి రెండు చొప్పున ఇచ్చిన 40 డాలర్ల కూపన్లకు నిధులు చాలక జనం వెయిటింగ్ లిస్టులో ఉండిపోయారు. అనలాగ్ ఆపడానికి పెట్టిన 2009 ఫిబ్రవరి 17 గడువును జూన్ 12కి జరపాల్సి వచ్చింది. అంత డబ్బు వచ్చిన చోట కూపన్లకు కొరత రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బ్రిటన్ ఈ విషయంలో నయం. 75 ఏళ్లు దాటినవారికి, తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇంటికెళ్లి బాక్సు బిగించి, వాడటం నేర్పించారు. పెద్దవాళ్లకు బాక్సు ఇచ్చి వచ్చేస్తే సరిపోదు, రిమోట్ పట్టుకుని పక్కన కూర్చోవాలి.

నిబంధనల తగాదాలూ ముందే తేలాలి. కెన్యాలో డిజిటల్ ప్రసార లైసెన్సుల గొడవ ముదిరి, 2015 ఫిబ్రవరిలో ప్రధాన చానళ్లు వారాల తరబడి ఆగిపోయాయి. దక్షిణాఫ్రికాలో సెట్‌టాప్ బాక్సులకు ఎన్‌క్రిప్షన్ (సిగ్నల్‌కు వేసే రహస్య తాళం) ఉండాలా వద్దా అన్న వివాదం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది.

వేలం సొమ్ములోంచి మొదటి వాటా పేద ఇళ్ల బాక్సులకు, యాంటెన్నాలకు చట్టంలోనే రాసిపెట్టాలి. ఏ ప్రాంతంలో ఎన్ని ఇళ్లకు ఇంకా బాక్సు లేదో నియంత్రణ సంస్థ నెలనెలా ప్రకటించాలి. ఆ లెక్క బయటికి రాకుండా ఏ అనలాగ్ ట్రాన్స్‌మిటర్‌నూ ఆపకూడదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ట్రాన్స్‌మిటర్ ఇంజనీరు