బీటిల్స్‌కు ఎక్కింది పొగరు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఇంగ్లండు రాక్ పాటల బృందం బీటిల్స్ మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. లివర్‌పూల్ కుర్రాళ్లు నలుగురూ ఎట్లా పైకొచ్చారో వివరంగానే రాశారు. అయితే డబ్బూ పేరూ దండిగా వచ్చాక పొగరెక్కి 1966లో స్టేజీ కచేరీలకు నీళ్లొదిలారన్న ముక్క దగ్గర నా చేతిలో టీ చల్లారిపోయింది. అది రాసినాయన ఎప్పుడూ స్టేజీ వెనక నిలబడి ఉండడు.

నాది కావలి. 1979 నుంచి ముప్పై ఆరేళ్లు మైక్‌సెట్టు నడిపాను. పెళ్లిళ్లు, తిరునాళ్లు, పార్టీ మీటింగులు, పాటకచేరీలు. ఇంగ్లీషు పాట ఒక్క ముక్క అర్థం కాదు నాకు. మా చిన్నోడి ఫోన్లో బీటిల్స్ వీడియోలు చూసేటప్పుడు కూడా నా కళ్లు స్పీకర్లు ఎక్కడ పెట్టారా అని వెతుకుతాయి. బుద్ధి అట్టా తయారైంది, ఏం చేస్తాం.

1965 ఆగస్టు 15న, ఇక్కడ మనం జెండా పండగ చేసుకున్న రోజే, న్యూయార్క్ షియా స్టేడియంలో వాళ్ల కచేరీ. జనం 55,600 మంది. గిటార్లకేమో ఆ టూరు కోసం వాక్స్ కంపెనీ ప్రత్యేకంగా చేసిచ్చిన 100 వాట్ల యాంప్లిఫయర్లు. గొంతులు చాలావరకు స్టేడియంలో అనౌన్స్‌మెంట్లు చదివే స్పీకర్లలోంచే రావాలి. ఇప్పుడు మా వీధి వినాయకుడి పందిట్లో అంతకంటే పెద్ద సెట్టు పెడుతున్నారు. దానికి తోడు ఆడపిల్లల కేకలు. అన్నిటికంటే ముఖ్యం, పాడేవాడి ముఖానికి ఎదురుగా పెట్టే మానిటర్ బాక్సు స్టేజీ మీద లేదు. అప్పటికింకా ఆ పద్ధతి పెద్దగా వాడుకలోకి రాలేదు. ముందు నిలబడ్డవాళ్లు ఎట్లా ఊగుతున్నారో వెనకనుంచి చూసి, పాట ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కునేవాణ్నని డ్రమ్స్ వాయించిన రింగో స్టార్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. మన సన్నాయి మేళంలో డోలాయన, సన్నాయాయన మోచేతులు తగిలేట్టు నిలబడేది ఊరికే కాదు గదా.

మానిటర్ సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. జనం మధ్యలో 34 మీటర్ల అవతల కట్టిన స్పీకర్లోంచి పాడేవాడి గొంతు వాడి చెవికి తిరిగొచ్చేసరికి సెకనులో పదో వంతు గడిచిపోతుంది. దాన్ని పట్టుకుని పాడితే తాళం వెనకపడుతుంది. వినకుండా పాడితే శ్రుతి జారుతుంది. అందుకే కాళ్ల దగ్గర చిన్న బాక్సు, మైకు వీపు ఎటుంటే అటునుంచి, పాడేవాడి ముఖంలోకి తిప్పి పెడతాం. మైకు మూతి వైపు పెట్టామంటే కుయ్యిమని అరుస్తుంది.

ఇదంతా పుస్తకం చదివి చెప్తున్నది కాదు. 1993 దసరాకు ఉదయగిరి వైపు ఒక ఊళ్లో పాటకచేరీ. సాయంత్రం నేను వైర్లు లాగుతుంటే కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చి, "ఆ రెండు బాక్సులు వాళ్ల వైపు తిప్పావేందబ్బయా? పాడేవాళ్లకేమన్నా చెవుడా? డబ్బులిచ్చింది మేము. జనం వైపు తిప్పు" అన్నాడు. రెండోమాట మాట్లాడకుండా తిప్పాను. వాళ్ల దగ్గర నాకు రావాల్సిన పాత బాకీ కూడా ఉండింది.

ఆ రాత్రి పాడిన అమ్మాయి మంచి సింగరు. మొదటి రెండు పాటలు ఎట్టాగో గట్టెక్కింది. మూడో పాట చరణంలో గొంతు కనపడకుండా పోయింది. కీబోర్డు అతను సాయం చేద్దామని వాల్యూమ్ పెంచాడు, దాంతో ఇంకా మునిగింది. అప్పుడామె ఎడమ చెవిలో వేలు గట్టిగా పెట్టుకుని, కళ్లు మూసుకుని పాడింది. చెవి మూసుకుంటే పుర్రె లోపలినుంచి మన గొంతు మనకు కాస్త వినపడుతుంది, అదీ ఆమె తిప్పలు. ముందు వరసలో కుర్రాళ్లు ఈలలేశారు. ఒకడు ఆమెలాగే చెవిలో వేలు పెట్టుకుని వెక్కిరించాడు. కచేరీ అయ్యాక వ్యాను పక్కన నిలబడి, "నా గొంతు నాకు ఇనపడ్లా అన్నా. నీకు తెలుసు గదా?" అంది. తెలుసు. ఏమీ అనలేకపోయాను.

మళ్లీ బీటిల్స్ దగ్గరికొస్తాను. వాళ్లు పని దొంగలు కారు. పేరు రాకముందు జర్మనీలో హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రిళ్లు గంటల కొద్దీ వాయించారు. లివర్‌పూల్‌లో కేవర్న్ అనే నేలమాళిగ క్లబ్బులో దాదాపు 300 కచేరీలు చేశారు. అవన్నీ ఇరుకు గదులు, ఒకరి వాయింపు ఒకరికి వినపడే చోట్లు. అట్టాంటి వాళ్లు స్టేడియాలకొచ్చాక అరగంటలో ముగించుకుని పోయేవాళ్లు. 1966 ఆగస్టు మొదట్లో 'రివాల్వర్' రికార్డు విడుదలైంది. అదే నెలలో అమెరికా టూరు. కొత్త రికార్డులో ఒక్క పాటా స్టేజీ మీద పాడలేదు. స్టూడియోలో టేపులు వెనక్కి తిప్పి చేసిన శబ్దాలు నలుగురు మనుషులు మూడు గిటార్లతో ఎట్లా తెస్తారు?

ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో కాండిల్‌స్టిక్ పార్కులో డబ్బులిచ్చి చూసిన జనం ముందు వాళ్ల ఆఖరి కచేరీ. మొత్తం 11 పాటలు. నలుగురిలో ఒకడైన పాల్ మెకార్ట్‌నీ అడిగితే వాళ్ల ప్రెస్ వ్యవహారాలు చూసే టోనీ బారో టేపులో రికార్డు చేశాడట. చివరి పాట మధ్యలో టేపు అయిపోయింది. ఇది చదివి నవ్వుకున్నాను. నా ట్రంకు పెట్టెలో ఉన్న కచేరీ క్యాసెట్లలో సగం అట్టాగే ఆగిపోతాయి, అవతలి వైపు తిప్పే టైముకు నేను భోజనానికి పోయి ఉంటాను గనక.

ఆ తర్వాత 1969 జనవరి 30న లండన్‌లో వాళ్ల ఆఫీసు మిద్దె మీద 42 నిమిషాలు వాయించారు. మా చిన్నోడు చూపించాడు. చలికి వణుకుతున్నారు, కిందనుంచి పోలీసులు వస్తున్నారు. అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. వాళ్లలో జాన్ లెనన్ ఒకచోట మాటలు మర్చిపోయి నోటికొచ్చింది పాడేశాడు. మనవాళ్లు లలలా అనేస్తారే, అట్టా. పొగరెక్కిన వాళ్ల ముఖాలు కావవి.

కాబట్టి ఆ వాక్యం సవరించి వేయగలరు. ఇంకో మనవి. మా జిల్లాలో పాటకచేరీల వార్తలు రాసే మీ విలేకరులు "గాయని నిరాశపరిచింది" అని రాసే ముందు ఆమె కాళ్ల దగ్గర బాక్సు ఉందో లేదో ఒకసారి చూడమనండి. బాలుగారు తిరిగిన జిల్లా ఇది. ఇప్పటి కమిటీలు డీజే బాక్సులు లారీకి నింపుకొస్తున్నాయి గానీ, కచేరీకి ముందు సౌండ్ చూసుకోవడానికి అరగంట అడిగితే ముఖం చిట్లిస్తున్నాయి.

ఉదయగిరి నుంచి వచ్చిన మర్నాడే ఆ రెండు బాక్సుల మీద ఎర్ర పెయింటుతో "ఇవి జనానికి కాదు" అని రాయించాను. స్పీకర్ అట్టలు ఎలుకలు కొట్టేశాయి. పెయింటు ఇంకా కనపడుతోంది.

ఇట్లు,
మైక్‌సెట్టు పాతకాపు,
కావలి, నెల్లూరు జిల్లా