రైడ్ పెట్టినా బ్యాకప్ తీయాల్సిందే

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ టెక్నాలజీ పేజీలో రైడ్ (RAID, అంటే కొన్ని హార్డ్ డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) గురించి వేశారు, బాగుంది కానీ అది ఉన్నా బ్యాకప్ కావాలనే అసలు ముక్క వదిలేశారండీ. మాది పెళ్లి ఫొటోల పని. డెస్క్‌టాప్ కొన్నప్పుడు షాపు కుర్రాడు స్పీడొస్తుందని రైడ్ 0, అంటే డేటాని ముక్కలు చేసి డిస్కులన్నిట్లో పంచిపెట్టేది, పెట్టిచ్చాడు, అందులో ఒక్క డిస్కు పోయినా మొత్తం గోవిందా అని మాత్రం చెప్పలేదు, పోనే పోయింది, ఒక పెళ్లి వీడియో ఎడిటింగంతా మళ్లీ మొదటినుంచి చేశా.

తర్వాత 4 టీబీ డిస్కులు రెండు పెట్టి రైడ్ 1 చేయించా, అందులో ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ అద్దంలోలా ఉంటుంది, 8కి డబ్బు కట్టి 4 వాడుకోవడమే అనుకోండి, అయినా నిశ్చింత అనుకున్నా. ఓ రోజు మా అసిస్టెంట్ పొరపాటున ఫోల్డర్ డిలీట్ కొడితే రెండిట్లోనూ ఒకేసారి ఎగిరిపోయింది, అద్దం కదా మరి! రైడ్ వేరు బ్యాకప్ వేరు అని అప్పుడు తెలిసింది, ఇప్పుడు వారం వారం ఇంకో డిస్కులోకి కాపీ తీసి ఇంట్లో పెడుతున్నా.

ఇంకోటి, డిస్కు కొనేముందు ఎస్ఎంఆరా సీఎంఆరా అని అడగాలి. ఇవి డిస్కు మీద డేటా రాసే రెండు పద్ధతులు. సీఎంఆర్‌లో ట్రాకులు, అంటే డేటా రాసే గీతలు, పక్కపక్కనే విడిగా ఉంటాయి, ఎస్ఎంఆర్‌లో ఇంటి పెంకుల్లా కొంచెం ఒకదానిమీదొకటి ఉంటాయి, అందుకే తిరగరాయడం ఆలస్యం. అలాంటి డిస్కులు పెడితే రైడ్ 5లో (ఒక్క డిస్కు పోయినా మిగతావాటినుంచి డేటా తిరిగొచ్చే రకం) పాడైన డిస్కు మార్చాక డేటా మళ్లీ నింపుకోవడం నత్తనడకే, ఆలోపు రెండోది కూడా పోతే అంతే సంగతులు. 1988లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు రైడ్ మీద పరిశోధన పేపర్ రాసినప్పుడు ఆ పేరులో 'ఐ' అంటే ఇనెక్స్‌పెన్సివ్, చవకైనవి అని అర్థమట, ఇప్పటి డిస్కుల రేట్లు చూస్తే నవ్వొస్తుంది.

ఈ ఎస్ఎంఆర్ సంగతి ఒకసారి వివరంగా వేయండి సార్.

- ఒక ఫొటోగ్రాఫర్, తెనాలి