సూది మానేయమనే వరం ఎక్కడుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో అర పేజీ స్వస్థత సభల ప్రకటన చూశాను. షుగరు, పక్షవాతం, మూర్ఛ అన్నీ మూడు రాత్రుల్లో నయమట. నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. క్రైస్తవురాలినే.

మాది బ్రదరన్ అనే ప్రొటెస్టంట్ సంఘం. 1836లో గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు వైపు మొదలుపెట్టిన సేవలోంచి వచ్చినవాళ్లం. నేర్చుకోని భాషల్లో మాట్లాడే వరం, జబ్బులు నయం చేసే వరం అపొస్తలుల, అంటే క్రీస్తు పంపిన తొలి బోధకుల కాలంతోనే ఆగిపోయాయని మా పెద్దలు నేర్పారు. 1906లో లాస్ ఏంజెలిస్ అజూసా వీధి కూడికలతో ఊపందుకున్న పెంతెకొస్తు సంఘాల వాళ్లేమో ఆ వరాలు ఆగలేదంటారు. మా వీధిలో ఇద్దరమూ ఉన్నాం, పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటాం కూడా. తగువు మాత్రం తెగదు.

బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో ‘భాషలైనను నిలిచిపోవును’ అని ఉంది. “పేరు నిలిచిపోయింది అంటే ఉండిపోయిందనే కదా పెద్దమ్మా?” అన్నాడు మా తోటికోడలి కొడుకు. “మరి బస్సు నిలిచిపోయింది అంటేనోరా?” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ముందూ వెనకా చదివితే ఆగిపోవడమే. ఎప్పుడన్నదే గొడవ. ‘పూర్ణమైనది వచ్చినప్పుడు’ అంటాడు పౌలు. అది బైబిలు పూర్తికావడమని మావాళ్లు, క్రీస్తు తిరిగి రావడమని వాళ్లు. ఆ వెంటనే ‘ముఖాముఖిగా చూతుము’ అని ఉంది కాబట్టి నాకు వాళ్ల మాటే సబబనిపిస్తుంది. మా పెద్దలు ఇది చదివితే నాకు చీవాట్లు తప్పవు. పడతాను.

కాబట్టి దేవుడు ఇవాళ స్వస్థపరచడని నేను అనడం లేదు. నా బాధ వేరు.

రెండేళ్ల కిందట ఇలాంటి సభలోనే మా ఆడపడుచుకు నూనె రాసి, ఇక సూది అక్కర్లేదన్నారు. “వేసుకుంటే నమ్మనట్టేనటండి వదినా” అంది. నా దగ్గర తలూపి, ఇంటికెళ్లి ఇన్సులిన్ మానేసింది. తొమ్మిదో రోజు పొద్దున్నే వాళ్లబ్బాయి ఫోను. వెళ్లేసరికి మంచం పక్కన బకెట్టు, ఆగకుండా వాంతులు, పరిగెత్తి వచ్చినదానిలా ఆయాసం. నోట్లోంచి మాగిన పండు వాసన. ఆ వాసన తెలిసిన నర్సుకు కాళ్లు వణుకుతాయి. షుగరు మిషను 486 చూపించింది. ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని, “నా విశ్వాసమే చాల్లేదేమో వదినా” అంటోంది. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి బతికింది. సూది మానమన్నాయన చూడ్డానికి రాలేదు.

మెలితే ద్వీపంలో చేతులుంచి జ్వరం, రక్తభేది నయం చేసిన పౌలే తన తోటి ప్రయాణికుడు త్రోఫిమును రోగిగా మిలేతులో వదిలి వెళ్లాడు. శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ‘నీకు విశ్వాసం చాల్లేదు’ అని ఇద్దరిలో ఎవర్నీ అనలేదు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. సంఘంలో ఎవరైనా దేవుడి మాటంటూ ప్రవచనం చెప్పినా తక్కినవారు వివేచించాలన్నది కూడా పౌలు పెట్టిన నియమమే. ఆ ప్రకారం సాక్ష్యం చెప్పేవాళ్లను స్టేజీ ఎక్కించే ముందు ఒక్క రక్తపరీక్ష చేయిస్తే ఎవరి విశ్వాసానికి లోటు?

మంత్రాలు, తాయెత్తులతో షుగరు, మూర్ఛ, పక్షవాతం నయం చేస్తామని ప్రకటించకూడదని 1954లోనే చట్టం వచ్చింది. తాయెత్తుకు ఒక న్యాయం, నూనె సీసాకు ఒక న్యాయమా? అలాంటి ప్రకటన మీ దగ్గరికొస్తే కనీసం ‘డాక్టరు చెప్పకుండా మందులు ఆపకండి’ అన్న ఒక్క లైను అదే సైజు అక్షరాల్లో వేయించండి. వాళ్లు ఒప్పుకోకపోతే ప్రకటనే వద్దనండి.

మా ఆడపడుచు ఇప్పుడు రోజూ సూది వేసుకుంటోంది. వాళ్ల ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ పక్కనే ఆ నూనె సీసా ఇంకా ఉంది. పారేయమని నేనూ అనలేదు.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా