గోరాన్ సర్వ్ చూడని వాళ్ల కోసం

మిత్రులారా, టెన్నిస్‌లో గొప్ప సర్వ్‌ల (పాయింట్‌ని మొదలుపెట్టే షాట్‌ల) గురించి మాట్లాడుకుంటూ గోరాన్ ఇవానిసెవిచ్‌ని మర్చిపోతే ఎలా? ఊరు క్రొయేషియాలోని స్ప్లిట్, ఎడమచేతి వాటం. బంతిని పెద్దగా పైకి ఎగరేయకుండానే చటుక్కున కొట్టేసేవాడు, ఎటు వస్తుందో పసిగట్టే టైమే దొరికేది కాదు. 1992, 1994, 1998లో వింబుల్డన్ ఫైనల్స్ ఓడిపోయాడు. 2001లో భుజం నొప్పితో, 125వ ర్యాంకుతో, వైల్డ్ కార్డ్ (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే ప్రత్యేక ప్రవేశం) మీద వచ్చి 213 ఏస్‌లు (ప్రత్యర్థి రాకెట్‌కి అందని సర్వ్‌లు) కొట్టాడు. ఫైనల్లో ఆస్ట్రేలియా ఆటగాడు పాట్ రాఫ్టర్‌ మీద ఐదో సెట్ 9-7తో గెలిచాడు. ఆ చివరి గేమ్ టెన్షన్ మామూలుది కాదు: మొదటి రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లూ (గెలిస్తే టైటిల్ దక్కేవి) డబుల్ ఫాల్ట్, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోయింది! మూడోదీ చేజారింది. నాలుగోదానికి రెండో సర్వ్ వేస్తే, రాఫ్టర్ రిటర్న్ నెట్‌కి తగిలింది. వైల్డ్ కార్డ్‌తో వచ్చి అక్కడ పురుషుల సింగిల్స్ గెలిచింది అతనొక్కడే. ఆ గేమ్ వీడియో తప్పకుండా చూడండి.