హేర్వాడ్ తీర్మానం మన తెలుగు ఊళ్లకూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

భర్త చనిపోయిన స్త్రీకి దశదిన కర్మలో గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, పుస్తెలు తెంపి, మట్టెలు తీసే తంతు మహారాష్ట్రలోని మా నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దు తాలూకాలైన ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్‌లలోని తెలుగు కుటుంబాలలో ఇంకా సాగుతూనే ఉంది. దీన్ని ఊరంతా కలిసి తీర్మానం చేసి ఆపవచ్చునని ఇదే రాష్ట్రంలోని ఒక పల్లె నిరూపించింది కాబట్టి, సరిహద్దుకు రెండు వైపులా ఉన్న తెలుగు పాఠకుల ముందు ఆ సంగతి పెట్టదలచి ఈ లేఖ రాస్తున్నాను.

కొల్హాపూర్ జిల్లా శిరోళ్ తాలూకాలోని హేర్వాడ్ గ్రామసభ 2022 మే నెలలో, కొల్హాపూర్‌ను ఏలిన సంస్కర్త రాజు శాహూ మహారాజ్ మరణించి నూరేళ్లు నిండిన సందర్భాన, తమ ఊళ్లో ఇకమీదట ఏ స్త్రీకీ ఈ తంతు జరపరాదని తీర్మానించింది. మిగతా పంచాయతీలు కూడా ఆ బాటలో నడవాలని కోరుతూ రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఆ నెలలోనే సర్క్యులర్ పంపింది. మన ఊళ్లలో మాత్రం అది మరాఠీ వాళ్ల వ్యవహారమన్నట్టుగా పక్కన పడిపోయింది. రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన జాతికి ఈ సంస్కరణ పరాయిది ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు.

ఈ తంతు మానితే పోయినవారికి సద్గతి ఉండదన్న భయం చాలామంది పెద్దల్లో ఉంది. చితికి నిప్పు పెట్టడం, పిట్టకు పెట్టడం, అస్థికలను బాసరలోనో కందకుర్తి సంగమంలోనో గోదావరిలో కలపడం, పిండప్రదానం, ఇవన్నీ పోయిన మనిషి కోసం చేసేవి. వాటి జోలికి ఎవరూ వెళ్లడం లేదు. గాజులు పగలగొట్టడం మాత్రం బతికి ఉన్న మనిషికి చేసేది. భార్య పోయిన మగవాడి ఒంటి మీది నుంచి ఏదీ తీయకపోయినా ఆమె కర్మకాండకు ఏ లోపమూ రానప్పుడు, భర్త కర్మకాండకు మాత్రం భార్య మెడలోని నల్లపూసలు అడ్డమెలా అవుతాయి? ఆమెను చివరిసారిగా ముస్తాబు చేసి, చేతినిండా గాజులు తొడిగి, పూలు పెట్టి, ఆ వెంటనే అన్నీ ఊడదీసే ఆ గంటలో ఆమె పడే బాధను చూసిన వాళ్లెవరూ దీన్ని శాంతి అనలేరు. బాధ అక్కడితో తీరదు. కన్న కూతురికి పెళ్లి చేసేటప్పుడు కూడా ముత్తైదువల వెనుక నిలబడవలసి వస్తుంది. పుట్టింటివారు చీర పెట్టే ఆచారంలో ఆదరణ ఉంది, అది ఉండనివ్వండి.

చట్టం ఇక్కడ సగం దూరమే వచ్చింది. సతీ సహగమనాన్ని 1829లోనే నిషేధించారు, 1987లో దానికి మరింత కఠినమైన చట్టం తెచ్చారు. అయితే చితి నుంచి కాపాడిన స్త్రీకి పదో రోజున జరిగేదాన్ని పేరు పెట్టి నేరమన్న చట్టం లేదు. మహారాష్ట్ర 2013లో తెచ్చిన అంధవిశ్వాసాల నిరోధక చట్టం జాబితాలోనూ ఇది లేదు. అందువల్ల గ్రామసభ తీర్మానానికి శిక్ష వేసే బలం లేదన్నది నిజమే. కానీ ఆమె వద్దంటున్నా చెయ్యి పట్టి గాజులు పగలగొడితే అది బలప్రయోగమే, దానికి సాధారణ శిక్షాస్మృతి ఉంది. ఆచారం పాటించలేదని కులపెద్దలు ఆ కుటుంబాన్ని వెలివేస్తే, 2017 నుంచి అమలులో ఉన్న మహారాష్ట్ర సాంఘిక బహిష్కరణ నిరోధక చట్టం కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ రక్షణ ఉందని తెలిస్తే వద్దని చెప్పడానికి చాలా ఇళ్లకు ధైర్యం వస్తుంది.

మహారాష్ట్ర పంచాయతీ చట్టం ప్రకారం సాధారణ గ్రామసభకు ముందు మహిళల సభ జరపాలి. ఈ విషయాన్ని మొదట అక్కడే, తెలుగులో చదివి వినిపించి చర్చించాలని నా కోరిక, ఎందుకంటే మగవారు ముందే నిర్ణయించి తెచ్చిన తీర్మానం కాగితం మీదే ఉండిపోతుంది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి కనుక, ఎవరో ఒకరు ఎలాగూ ఆ నమోదు చేసే పంచాయతీ ఉద్యోగి గ్రామసేవక్ దగ్గరకు వెళతారు. ఊరి తీర్మానం ప్రతిని ఆయన అప్పుడే వారి చేతికి ఇవ్వవచ్చు. ఆధారం లేనివారికి రాష్ట్రం ఇచ్చే సంజయ్ గాంధీ నిరాధార్ పింఛనుకు అర్హత ఉన్న స్త్రీ అయితే, దరఖాస్తు గురించి కూడా అప్పుడే చెబితే ఆ పది రోజులు ఆమెకు నిజంగా ఉపయోగపడతాయి.

మా ఆడపడుచులు, కోడళ్లలో ఎందరివో పుట్టిళ్లూ మెట్టినిళ్లూ బాసర, ముధోల్, బోధన్ వైపు ఉన్నాయి. కర్మ రోజున ఇక్కడి పెద్దలు వద్దనుకున్నా, అక్కడి నుంచి వచ్చిన బంధువులు పట్టుబడితే తంతు జరిగిపోతుంది. తెలంగాణలో గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. నిర్మల్, నిజామాబాద్ జిల్లాల సరిహద్దు గ్రామాల సర్పంచులు రాబోయే సభలోనే ఇటువంటి తీర్మానాన్ని చర్చకు పెట్టాలని, ఆ ఊళ్ల వార్తలను మీ పత్రిక జిల్లా పేజీల్లో ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ధర్మాబాద్ తాలూకా, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర